చూపు రాగానే లోకం కనబడుతుందా?

పుట్టుగుడ్డివాణ్ణి బాబాగారు చేత్తో తాకారట. కళ్లు తెరుచుకోగానే వాడు బిడ్డను, ఇంటిని, గుడిగోపురాన్ని గుర్తుపట్టాడట. ఇలాంటి మహిమ కథలు చాలా మతాల్లో ఉన్నాయి. చూపు ఎలా వచ్చిందని మనం అడుగుతూనే ఉంటాం. నేను ఇంకో ప్రశ్న కూడా అడగాలంటాను. ఎన్నడూ చూడనివాటిని వెంటనే ఎలా గుర్తుపట్టాడు?

ఈ ప్రశ్న వయసు మూడు వందల ఏళ్ల పైమాటే. 1688లో డబ్లిన్‌వాసి విలియం మాలిన్యూ తత్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరం రాశాడు. పుట్టుకతో చూపులేని మనిషికి బంతి ఏదో, పాచిక ఏదో తడిమితే తెలుస్తుంది. అతనికి హఠాత్తుగా చూపు వస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? లాక్ 1694లో తన గ్రంథం రెండో ముద్రణలో ఈ ప్రశ్నను చేర్చి, చెప్పలేడన్నాడు. అది ఊహ మాత్రమే. 1728లో లండన్ వైద్యుడు చెసెల్డెన్, తాను శుక్లం తీసిన పదమూడు, పద్నాలుగేళ్ల కుర్రాడు ఆకారాలను, దూరాలను పోల్చుకోలేకపోయాడని రాశాడు. ఒక్క కుర్రాడితో విషయం తేలుతుందా?

1960లలో హ్యూబెల్, వీసెల్ పిల్లికూనల కన్ను మూసి ఉంచి ప్రయోగాలు చేశారు. తొలి నెలల్లో మూసిన కన్ను తర్వాత తెరిచినా మెదడు దాన్ని సరిగా వాడుకోలేకపోయింది. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగం గట్టిదే. కానీ దాని ఆధారంగా, వయసు మించిన పిల్లలకు శుక్లం తీసినా లాభం లేదన్న అభిప్రాయం బలపడింది. పేదరికం వల్ల ఆపరేషన్ ఆలస్యమైన మన పిల్లలకు ఆ మాట రెండో శిక్ష.

దీన్ని పరీక్షకు పెట్టింది ఢిల్లీ ఐఐటీలో చదివి అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ అయిన పవన్ సిన్హా. ఆయన మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్ కింద, దర్యాగంజ్‌లోని ష్రాఫ్ కంటి ఆసుపత్రిలో పుట్టుకతో చూపులేని పిల్లలకు ఆపరేషన్లు చేశారు. వారిలో 8 నుంచి 17 ఏళ్ల వయసున్న ఐదుగురికి, చూపు వచ్చిన రెండు రోజుల్లోపే మాలిన్యూ పరీక్ష పెట్టారు. ఫలితాలు 2011లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చాయి.

నేను వైద్యుణ్ణి కాను, రక్షణ లెక్కల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు అంకెలు ముఖ్యం. తడిమినదాన్ని మళ్లీ తడిమి పోల్చుకోవడంలో 98 శాతం సరిగా చెప్పారు. చూసినదాన్ని మళ్లీ చూసి పోల్చుకోవడంలో 92 శాతం. తడిమినదాన్ని చూసి పోల్చుకోమంటే మాత్రం 58 శాతమే. బొమ్మ, బొరుసు వేసి చెప్పినా 50 వస్తుంది గదా! లాక్ చెప్పిందే నిజమైంది. అయితే మళ్లీ పరీక్షించిన పిల్లలు కొద్ది రోజుల్లోనే ఎంతో మెరుగయ్యారు. అంటే వయసు మించాక మెదడు ఏమీ నేర్చుకోలేదన్న మాట కూడా నిలవలేదు.

మెదడులో ఖాళీ స్థలం పడి ఉండదు. చిన్నతనం నుంచి చూపులేనివారు బ్రెయిలీ చదువుతుంటే, చూపుకు సంబంధించిన మెదడు భాగమే పనిచేస్తోందని 1996లో సడాటో బృందం చూపించింది. చూపు వచ్చాక మెదడు కొత్త పొందికలు ఏర్పరచుకోవాలి. దానికి సమయం, సాధన కావాలి. హద్దులూ ఉన్నాయి. ఆలస్యంగా చూపు వచ్చినవారికి సూక్ష్మమైన చూపు పూర్తిగా రాదు.

ఈ హద్దులు చెప్పనివాళ్లతోనే ప్రమాదం. మెదడు మారుతుందన్న నిజాన్ని అడ్డం పెట్టుకుని, కళ్లకు గంతలు కట్టినా పిల్లలు చదువుతారంటూ "మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్" వ్యాపారం దేశమంతా సాగింది. పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూస్తున్నారని నరేంద్ర నాయక్ వంటి హేతువాదులు బయటపెట్టారు.

పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తే బాబా దగ్గరికి కాదు, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని చెప్పండి. ఎంత త్వరగా వెళితే అంత మంచిది. పదేళ్లు దాటిన బిడ్డ విషయంలో "ఇక లాభం లేదు" అని ఎవరైనా అంటే, పరీక్షించి చెబుతున్నారా అని అడగండి.