పాత రేడియోలలో ట్యూనింగు బిగిసిపోవడం

వాల్వు రేడియోలలోను, తొలినాటి ట్రాన్సిస్టరు రేడియోలలోను స్టేషను మార్చే నాబు తిరగకుండా పోవడాన్ని, లేదా నాబు తిరిగినా డయలుపై ముల్లు కదలకపోవడాన్ని ట్యూనింగు బిగిసిపోవడం అంటారు. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచిన సెట్లలో ఇది సర్వసాధారణం. తరచుగా ఏ భాగమూ విరిగి ఉండదు, కదిలే చోట్ల పూసిన గ్రీజు గట్టిపడి ఉంటుంది. బలవంతంగా తిప్పడం వల్లనే డయలు దారం తెగడం, రేకులు వంగడం వంటి అసలైన నష్టాలు కలుగుతాయి.

నిర్మాణం

ట్యూనింగుకు ఆధారమైన భాగం గ్యాంగ్ కండెన్సర్. ఇందులో కదలని రేకుల వరుసల మధ్యకు, ఒకే ఇరుసుకు బిగించిన కదిలే రేకులు తగలకుండా జొరబడతాయి. సూపర్‌హెటిరోడైన్ సెట్లలో సాధారణంగా రెండు విభాగాలు ఉంటాయి. ఒకటి కావలసిన స్టేషను పౌనఃపున్యాన్ని ఎన్నుకొంటుంది, రెండవది ఆసిలేటరు పౌనఃపున్యాన్ని దానికి తగినట్లు మారుస్తుంది. రేకులు పూర్తిగా లోపలికి పోయినపుడు కెపాసిటెన్సు అత్యధికంగా ఉండి, ముల్లు తక్కువ పౌనఃపున్యాల వైపు ఉంటుంది.

గ్యాంగ్ మొత్తం తిరిగేది అర్ధచక్రమే. భారతదేశం వాడే మీడియం వేవ్ విభజనలో 531 నుండి 1602 కిలోహెర్ట్జ్ వరకు, 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో 120 స్థానాలు ఉన్నాయి. హైదరాబాదు 738కి, విజయవాడ 837కి మధ్య ఎడం పదకొండు స్థానాలు మాత్రమే. ఇంత సన్నని మార్పును చేతితో సాధించడానికే నాబుకు, గ్యాంగ్‌కు మధ్య వేగం తగ్గించే ఏర్పాటు పెట్టారు. నాబు ఇరుసుకు చుట్టిన దారం కప్పీల మీదుగా పోయి గ్యాంగ్‌కు బిగించిన పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. ముల్లు కూడా ఆ దారానికే పట్టి ఉంటుంది. కొన్ని సెట్లలో దారానికి బదులు ఉక్కు గుండ్లతో పనిచేసే తగ్గింపు యంత్రం ఉంటుంది. కదిలే ఈ చోట్లలో ఏ ఒక్కటి పట్టివేసినా ట్యూనింగు ఆగిపోతుంది.

ముందు జాగ్రత్తలు

ప్లగ్గు తీయకుండా సెట్టును విప్పరాదు. వాల్వు సెట్లలో 200 వోల్టులకు మించిన డి.సి. ఉండడం మామూలు. ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కండెన్సర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దానిని తగిన రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరుతో సరిచూడాలి. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏ.సి./డి.సి. సెట్లలో ఛాసిస్ నేరుగా మెయిన్స్ తీగకే కలిసి ఉంటుంది. అందుచేత నాబును పట్టి ఉంచే మరకు కూడా కరెంటు రావచ్చు. తయారీదారులు ఆ మరను లోతుగా దించి, పైన మైనం పోయడానికి కారణం ఇదే. నాబు ఊడి రానప్పుడు మర లేదనుకొని లాగేవారు మొదట ఈ మైనం కోసం వెదకడం మంచిది. పని ముగిశాక మైనం మళ్ళీ పోయవలసిందే.

లోపం ఉన్న చోటును గుర్తించడం

మరమ్మతులో ముఖ్యమైన మెట్టు ఇది. దారం తీసే ముందు అది ఎన్ని చుట్లు చుట్టి ఉందో, ఏ కప్పీకి ఏ వైపు నుండి పోయిందో బొమ్మ గీసుకోవాలి లేదా ఫోటో తీసుకోవాలి. ఈ పని చేయనివారికి తరువాత గంటల కొద్దీ కష్టం తప్పదు. ఆపై దారాన్ని బిగువుగా ఉంచే స్ప్రింగును విడిపించి, నాబు ఇరుసును, కప్పీలను, గ్యాంగ్ చక్రాన్ని విడివిడిగా వేలితో కదిపి చూడాలి. నాబు తిరుగుతూ ముల్లు కదలకపోతే దారం జారుతూ ఉండవచ్చు. అలా జారడానికి తరచుగా మూలం అవతల బిగిసిన గ్యాంగే.

విడిపించే పద్ధతి

ఇత్తడి గొట్టంలో పట్టివేసిన నాబు ఇరుసుకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు లేదా కిరోసిను ఒకటి రెండు చుక్కలు సూది మొన నుండి వేసి, కొన్ని గంటలు నాననివ్వాలి. అవసరమైతే ఒక రాత్రి ఉంచాలి. రెండూ మండే ద్రవాలే కనుక గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా పనిచేయాలి. అవి పూర్తిగా ఆరిపోక ముందు వేడి చేయరాదు. ఆరిన తరువాత జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చచేస్తే గ్రీజు మెత్తబడుతుంది. అప్పుడు ఇరుసును అటూ ఇటూ వెంట్రుకవాసి కదుపుతూ క్రమంగా విడిపించాలి. పకారుతో పట్టి తిప్పడం తగదు. అసిటోను ప్లాస్టిక్ డయళ్ళను కరిగిస్తుంది. తుప్పును వదిలించే స్ప్రేలను ఛాసిస్‌పై చల్లితే నూనె దారానికి, రేకులకు, వేవ్ ఛేంజి స్విచ్చికి పాకి కొత్త చిక్కులు తెస్తుంది.

గ్యాంగ్ విషయంలో రేకులను పూర్తిగా లోపలికి మూసి ఉంచి పనిచేయాలి, అప్పుడు వాటికి దెబ్బ తగలదు. ఇరుసు చివరల గల గుండ్ల వద్ద మాత్రమే పాత గ్రీజును కరిగించి, తుడిచి, కొత్త పలుచని గ్రీజు కొద్దిగా పెట్టాలి. ఇరుసును ఛాసిస్‌కు కలిపే ఒత్తుడు పట్టీలను కూడా శుభ్రం చేయాలి. అవి సరిగా తగలకపోతే స్టేషను మార్చేటపుడు గరగర శబ్దం వస్తుంది. గుండ్ల తగ్గింపు యంత్రం రాపిడి వల్లనే పనిచేస్తుంది కాబట్టి దానిలో నూనె ఎక్కువైతే జారుతుంది.

చివరి రేకులకు గల చీలికలను, వాటి వంపులను చూసి అవి పాడయ్యాయని సరిచేయరాదు. డయలుపై గుర్తులు, స్టేషన్లు సరిగా కలిసేటట్లు కర్మాగారంలో కావాలనే వాటిని అలా వంచుతారు. ఇదే కారణంగా ట్రిమ్మరు మరలను, ఐ.ఎఫ్. కాయిల్ లోని కోరులను కూడా కదపకూడదు. కోరు పెళుసుగా ఉండి పగిలిపోవచ్చు. రేకులు ఒకదానికొకటి తగులుతున్నాయో లేదో తెలుసుకోవడానికి, కాయిల్‌కు పోయే తీగను విడదీసి, మీటరు పెట్టి ఇరుసును ఈ చివర నుండి ఆ చివరకు నెమ్మదిగా తిప్పాలి.

ట్రాన్సిస్టరు సెట్ల చిన్న గ్యాంగ్‌లలో రేకుల మధ్య పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. వీటిలో ద్రవాలు వేయరాదు. లోపల పట్టివేసినచో మార్చడమే మేలు.

దారం మార్చడం

కొత్త దారం అల్లినదై, సాగనిదై ఉండాలి. ఒంటి పోగు నైలాను దారం సాగి జారుతుంది. గ్యాంగ్‌ను పూర్తిగా మూసి, ముల్లును తక్కువ పౌనఃపున్యాల చివర నిలిపి బిగిస్తే స్టేషన్లు తమ గుర్తుల దగ్గరకు వస్తాయి. దారానికి నూనె తగలనీయరాదు.

నయం కానివి

జింకు మిశ్రమంతో పోతపోసిన చక్రాలు, కప్పీలు, గ్యాంగ్ చట్రాలు కొన్నింటిలో, తయారీనాడు సీసం వంటి మలినాలు కలిసినందువల్ల లోహమే ఉబ్బి పగులుతుంది. ఇట్టి భాగం బిగిసిపోతే గ్రీజు మార్చి ప్రయోజనం లేదు. మరొక పాత సెట్టు నుండి అదే కొలత గల భాగాన్ని తెచ్చుకోవాలి. అందుకే పనిచేయని పాత ఛాసిస్‌లను సైతం మరమ్మతుదారులు పారవేయకుండా దాచుకొంటారు.