ప్రాచీన చీనా దేశమున దండనీతి – స్త్రీలు

క్రీ.పూ. 167వ సంవత్సరమున చీనా దేశపు తూర్పుసీమయందు చున్‌యూ యీ అను వైద్యుడొకడు నేరము మోపబడి బందీ అయ్యెను. అతడు పూర్వము ప్రభుత్వ ధాన్యాగారమునకు అధికారిగా నుండినవాడు. అతనికి అయిదుగురు కుమార్తెలే గాని కొడుకులు లేరు. శిక్షకై భటులు తన్ను రాజధానియగు ఛాంగాన్ నగరమునకు కొనిపోవుచుండగా, వెంటబడి యేడ్చుచున్న కుమార్తెలను జూచి, ఆపదలో నక్కరకు వచ్చుటకు ఒక్క మగబిడ్డయైన లేకపోయెనని యతడు విసుగుకొనెను. ఆ మాట కడగొట్టు బిడ్డయగు తీయింగ్ మనస్సున ములుకువలె నాటుకొనెను. ఆమె తండ్రి వెంట రాజధానికి పయనమయ్యెను.

ఆమె భయపడిన దేమిటో తెలియవలెనన్న నాటి శిక్షలను గూర్చి కొంత చెప్పవలెను. చీనావారి పంచదండనములలో మొదటిది ముఖముపై పచ్చ పొడుచుట, రెండవది ముక్కు కోయుట, మూడవది పాదము నరకుట. నాలుగవది పురుషునకు బీజచ్ఛేదము, స్త్రీకి నిర్బంధవాసము. అయిదవది మరణము. ఇవిగాక కఠినసేవ యొకటి యుండెను. నేరస్థుడగు పురుషుని కోటగోడలు కట్టుటకును, స్త్రీని ధాన్యము దంచుటకును పంపెడివారు. రోలు రోకలి యెరిగిన మన యిల్లాండ్రకు ఆ శిక్ష యెట్టిదో విశదపరుపనక్కరలేదు. హాన్ వంశస్థాపకుడగు ల్యూ బాంగ్ క్రీ.పూ. 195లో మరణింపగా, పట్టమహిషి లూ తన సవతిని తల గొరిగించి, మెడకు ఇనుప పట్టెడ తగిలించి, ఎర్రని బట్టలు కట్టించి, ఈ దంపుడు పనికే పెట్టించెను. అటుపిమ్మట ఆమె కాలుసేతులను గూడ నరికించెను. ఆ సవతి చేసిన నేరమెల్ల రాజునకు ప్రియురాలై, తన కొడుకునకు రాజ్యము గోరుటయే.

ఇంటిలోని తగవులకును చట్టము తూనిక వేరుగనే యుంచెను. హూబే రాష్ట్రమున జాంగ్‌జియాషాన్ సమాధులలో 1983వ సంవత్సరమున వెదురు పలకలపై వ్రాసిన హాన్ కాలపు శాసనములు బయల్పడినవి. గయ్యాళియగు భార్యను మగడు కొట్టినను, ఆయుధము పట్టనంతవరకు, గాయమైనను నేరము లేదని వానిలో నున్నది. భార్య మగనిపై చేయి చేసికొన్నచో ఆమెను ప్రభుత్వదాసిని చేయవలయునట!

ఇట్టి దేశమున నొక బాలిక చక్రవర్తికి విన్నపము వ్రాసెను. చచ్చినవారు మరల బ్రదుకరనియు, తెగిన యంగము మరల నతుకుకొనదనియు, నేరస్థుడు బుద్ధి తెచ్చుకొనగోరినను ఈ శిక్షలు దారి మూసివేయుచున్నవనియు ఆమె మనవి. తండ్రికి మారుగా తాను ప్రభుత్వదాసినయ్యెదనని గూడ విన్నవించెను. వెన్ చక్రవర్తి మనసు కరగి, ఆ సంవత్సరముననే పచ్చ పొడుచుట, ముక్కు కోయుట, పాదము నరకుట యను మూటిని రద్దుచేసెను.

ఈ కథ యింతటితో ముగిసిన నెంతో బాగుండును. కాని పచ్చపొడుపునకు బదులు ముండనము, ఇనుప పట్టెడ, కఠినసేవ వచ్చినవి. ముక్కుకోతకు బదులు 300 దెబ్బలు, ఎడమ పాదమునకు బదులు 500 దెబ్బలు వచ్చినవి. కుడిపాదము కోల్పోవలసినవారికి మరణమే విధింపబడెను. దెబ్బలకు తాళలేక పలువురు ప్రాణములు విడువగా, తరువాతి జింగ్ చక్రవర్తి క్రీ.పూ. 156లోను 144లోను వాని సంఖ్యను తగ్గింపవలసి వచ్చెను. తీయింగ్ చరిత్రమును గ్రంథస్థము చేసిన సీమా చియెన్ మహాశయుడే వెన్ చక్రవర్తి మనుమడి కొడుకు కాలము రాకమునుపే, అనగా అతని మనుమడగు వూ చక్రవర్తి యాజ్ఞచే, బీజచ్ఛేదమునకు గురియయ్యెను.

ఇంచుమించు నాలుగు శతాబ్దములు గడచిన పిమ్మట మరియొక స్త్రీ యిట్టి మనవియే చేసెను. క్రీ.శ. 255లో గ్వాన్‌చ్యూ జియెన్ అను సేనాపతి తిరుగుబాటు చేసి హతుడయ్యెను. రాజద్రోహికి వంశమంతయు బలియగుట ఆచారము. అతని కోడలు ష్యున్ వంశపు ఆడపడుచు. పుట్టినింటివారి పలుకుబడిచే ఆమెకు విడాకులిప్పించి ప్రాణము కాపాడిరి. కాని ఆమె కుమార్తె, పరాయి యింటి కోడలై గర్భవతియై యున్నదియు, పితామహుని నేరమునకు చెరసాలలో మరణమునకై యెదురుచూచుచుండెను. తల్లి హో జెంగ్ అను అధికారిని ఆశ్రయించి, తాను ప్రభుత్వదాసినై బిడ్డ ప్రాణమునకు వెల చెల్లింతునని వేడుకొనెను. నాడు తండ్రికై కూతురు, నేడు కూతురికై తల్లి!

హో జెంగ్ జాలిపడి, తన క్రింది యుద్యోగియగు ఛెంగ్ షియెన్‌చేత నొక వాదము వ్రాయించెను. పురుషుడు ఒక వంశమునకే శిక్ష ననుభవింపగా, స్త్రీ పుట్టినింటి నేరమునకును మెట్టినింటి నేరమునకును రెండు మారులు చావవలసి వచ్చుట న్యాయమా యని అతని ప్రశ్న. దానికి ప్రభుత్వము బదులు చెప్పలేక చట్టమును మార్చెను. పెండ్లికాని కన్యకు తలిదండ్రుల నేరము, పెండ్లియైన యామెకు భర్తయింటి నేరము మాత్రమే తగులునని నిర్ణయమాయెను. ఏ నేరమును చేయని స్త్రీని ఏదో యొక యింటి నేరమునకైన శిక్షింపనేల యని మాత్రము అడిగినవారు లేరు.

క్రీ.శ. 653లో వ్యాఖ్యానముతో వెలువడిన తాంగ్ ధర్మశాసనమున భర్తను కొట్టిన భార్యకు ఒక సంవత్సరము కఠినసేవ. భర్త భార్యను గాయపరచినచో పరులను గాయపరచినదానికంటె రెండు మెట్లు తక్కువ శిక్ష. దూరదేశమునకు వెడలగొట్టదగిన స్త్రీని వెడలగొట్టక, ఉన్నచోటనే దెబ్బలు కొట్టి పని చేయించెడివారు. మరణశిక్ష పడిన స్త్రీ గర్భవతియైనచో ప్రసవమైన పిదప నూరు దినములవరకు ఆమెను చంపరాదు. నూటయొకటవ దినమున బిడ్డను తల్లినుండి వేరుచేసి, తీర్పును అమలు జరుపవచ్చును.