ఈతకొలను నీటి రంగు మార్పు

ఈతకొలనులోని నీరు పచ్చగా, గోధుమగా, నల్లగా లేదా పాలలా తెల్లగా మారడం. కారణాన్ని గుర్తించడానికి ఆ రంగే తొలి ఆధారం.

కారణాలు: నీరు మసకబారి పచ్చబడి, గోడలు జారుడుగా ఉంటే అది నాచు; క్లోరిన్ తగ్గినప్పుడు పెరుగుతుంది. నీరు తేటగానే ఉండి పచ్చబడితే రాగి, తుప్పు రంగుకు తిరిగితే ఇనుము, నల్లబడితే మాంగనీసు కారణం కావచ్చు. ఇనుము, మాంగనీసు తరచు బోరు నీటితో వస్తాయి. తెల్లని మసకకు అధిక పీహెచ్, కాల్షియం, సరిగా పనిచేయని ఫిల్టరు కారణాలు.

పరీక్ష, నివారణ: ముందు పీహెచ్ (7.2–7.8), క్లోరిన్ (లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము) కొలవాలి. నాచు పడితే గోడలు రుద్ది, పొద్దుగూకాక ఎక్కువ మోతాదులో క్లోరిన్ వేసి, నీరు తేటపడేదాకా ఫిల్టరు నడపాలి. లోహాలున్న నీటిలో క్లోరిన్ గుమ్మరిస్తే రంగు ఇంకా ముదురుతుంది. లోహాలను పట్టి ఉంచే రసాయనం వాడాలి. రసాయనాలను ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. అడుగు కనబడని కొలనులోకి ఎవరినీ దిగనివ్వరాదు.

ప్రసిద్ధ ఉదాహరణ: 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను పచ్చబడింది. పొరపాటున కలిపిన 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడు క్లోరిన్‌ను నిర్వీర్యం చేసిందని నిర్వాహకులు ప్రకటించారు.