అరటి నోటు విలువ

మన పెద్దల పాత పెట్టెలు సర్దుతుంటే అరటిగెల బొమ్మ ఉన్న పది డాలర్ల నోట్లు బయటపడటం ఇక్కడ చాలా ఇళ్ళలో జరిగేదే. మా సాయంకాలపు తెలుగు తరగతికి ఒక అబ్బాయి అలాంటి కట్ట తెచ్చి, "మాస్టారూ, వీటికి ఇప్పుడెంత వస్తుంది?" అని అడిగాడు. అతనికి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాము.

1942లో మలయాను ఆక్రమించిన జపానువారు ఈ నోట్లను మలయా డాలరుతో సమానమని చలామణీలో పెట్టారు. వాటి వెనుక నిల్వ ధనమేమీ లేదు. అచ్చువేసినకొద్దీ బియ్యం ధర పెరిగింది. తొలి నోట్లలో కొన్నింటిపై వరుస సంఖ్య ఉండేది. తరువాత దానినీ మానేసి, మలయాకు గుర్తుగా 'ఎం'తో మొదలయ్యే అక్షరాలు మాత్రం వేశారు. చివరకు వెయ్యి డాలర్ల నోటు కూడా వచ్చింది. 1945 సెప్టెంబరులో తిరిగివచ్చిన బ్రిటిషువారు ఇవి చెల్లవన్నారు. తోటలో మూడేళ్ళ కూలి ఒక్కనాటితో కాగితమైపోయింది. మా నాయనమ్మ వాటితో పొయ్యి రాజేసిందట!

పాతదైతే చాలు, ధర పలుకుతుందనుకోవడం పొరపాటు. సంఖ్య లేని పది డాలర్ల నోట్లు లెక్కలేనన్ని మిగిలాయి గనుక వాటికి వచ్చేది స్వల్పమే. సంఖ్య ఉన్నవి అరుదు, అందుకే గిరాకీ. ఆపైన నోటు స్థితి. మడత పడని నోటుకూ, నడిమి మడతలో చిరిగిన నోటుకూ ధరలో ఎంతో తేడా. మురికిగా ఉందని ఉతకడం, ఇస్త్రీ చేయడం, టేపు అంటించడం దయచేసి చేయవద్దు. ఉన్న విలువా పోతుంది. దొంగ నోట్లూ తిరుగుతున్నాయి, కొనేవారికి జాగ్రత్త అవసరం.

చిత్రమేమిటంటే, చేతులు మారని నోటుకే ఎక్కువ ధర. కూలివాని మొలలో చెమటకు తడిసి, అంగడికి పోయి వచ్చిన నోటు ఎవరికీ అక్కరలేదు.

మా తాతగారి పెట్టెలో మిగిలిన ఒక నోటు అంచున పెన్సిలుతో తెలుగులో బియ్యం, ఉప్పు, కిరసనాయిలు లెక్క ఉంది. కౌలాలంపూరులో ఒక వ్యాపారికి చూపితే, వ్రాత వల్ల నోటు చెడిందనీ, కావాలంటే తానే చెరిపి తీసుకుంటాననీ అన్నాడు. మేము నోటు తిరిగి జేబులో పెట్టుకొని వచ్చేశాము.