ముహాజిర్ల జ్వరం, అన్సార్ల సేవ



సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

హిజ్రత్ అనగానే మనకు సౌర్ గుహ, ఖుబా మస్జిద్, అన్సార్ల స్వాగతం గుర్తుకు వస్తాయి. ఆ ప్రయాణం ముగిసిన తరువాత ముహాజిర్ల ఆరోగ్యం ఏమయిందో మనం అంతగా తలచుకోము. క్రీ.శ. 622లో మక్కా విడిచి మదీనా చేరినవారిలో పలువురు కొద్దికాలానికే జ్వరంతో మంచం పట్టారు.

మక్కా రాతికొండల నడుమ ఉన్న ఎండులోయ. మదీనా ఖర్జూర తోటలు, బావులు, పంటపొలాలు గల నేల. అక్కడి బుత్‌హాన్ లోయలో చెడిన నీరు పారేదనీ, ఆనాడు మదీనా మిక్కిలి రోగపీడిత ప్రాంతమనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అటువంటి చోట పుట్టి పెరిగినవారి శరీరానికి జ్వరాలను తట్టుకునే శక్తి బాల్యం నుంచే కొంత అలవడుతుంది. కొత్తగా వచ్చినవారికి ఆ రక్షణ ఉండదు.

హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) ఇద్దరూ ఆ జ్వరానికి గురయ్యారు. మక్కాలో బిలాల్ (రజి)ను మండే నేలపై పడుకోబెట్టి చిత్రహింసలు పెట్టారు. అయినా జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా ఆయన ఆ మక్కా గడ్డినీ, నీటి చెలమలనూ, కొండలనూ తలచుకుని పరితపించేవారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) ఆ బెంగను తప్పుపట్టలేదు. మక్కాను ప్రేమించినట్లే, అంతకన్నా మిన్నగా మదీనాను ప్రేమించే మనసునివ్వమని, అక్కడి కొలతల్లో బరకత్ ప్రసాదించమని, ఆ ఊరిని ఆరోగ్యకరం చేయమని, జ్వరాన్ని జుహ్ఫా వైపు తరలించమని దుఆ చేశారు. ఊరిపై మమకారం, తిండిగింజలు, ఆరోగ్యం ఈ మూడూ ఒకే దుఆలో చోటుచేసుకోవడం గమనించదగిన విషయం.

దుఆతోపాటు సేవ కూడా సాగింది. ముహాజిర్లకు ఎవరు ఆశ్రయమివ్వాలో తేల్చడానికి అన్సార్లు చీట్లు వేసుకున్నారు. హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) ఉమ్ముల్ అలా (రజి) ఇంటి వంతుకు వచ్చారు. ఆయన జబ్బుపడినప్పుడు ఆ ఇంటివారే తుదిశ్వాస వరకు పరిచర్య చేశారు. ఆయన ప్రాణం నిలవలేదు. కానీ పరాయి ఊరిలో ఆయన దిక్కులేనివారిగా మరణించలేదు.

హిజ్రీ 7వ సంవత్సరంలో ముస్లిములు ఉమ్రా కోసం మక్కా వచ్చినప్పుడు, యస్రిబ్ జ్వరం వీరిని పీల్చి పిప్పి చేసిందని ఖురైషులు చెప్పుకున్నారు. అప్పుడు దైవప్రవక్త (సఅసం) మొదటి మూడు ప్రదక్షిణలలో భుజాలు కదిలిస్తూ చురుకుగా నడవమని ఆదేశించారు. హజ్, ఉమ్రాలలో పురుషులు నేటికీ ఆచరిస్తున్న రమల్‌కు మూలం ఇదే.

తరువాతి కాలంలో ఇరాక్‌లో స్థిరపడిన అరబ్బు సైనికుల రంగు మారి, శరీరాలు చిక్కిపోయాయని హజ్రత్ ఉమర్ (రజి) గ్రహించారు. అక్కడి వాతావరణం వారికి సరిపడలేదని తెలిసి, వారి ఒంటెలకు అనువైన నేలే వారికీ అనువైనదని భావించి, అటువంటి చోటు వెదకమని ఆదేశించారని చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. హిజ్రీ 17లో కూఫా నగరం అలా వెలసింది. వలస వచ్చినవారి ఆరోగ్యాన్ని పాలకుడు తన బాధ్యతగా భావించాడన్నమాట.

ఆధునిక పరిశోధన కూడా బంధాల విలువను గుర్తించింది. కాలిఫోర్నియాలో స్థిరపడిన జపాను సంతతివారిపై జరిపిన అధ్యయనం 1976లో వెలువడింది. తమ సంప్రదాయాన్ని, సామాజిక బంధాలను నిలుపుకున్నవారిలో గుండెజబ్బు జపానులో ఉన్నంత తక్కువగానే కనిపించింది. వాటికి పూర్తిగా దూరమైనవారిలో అది 3 నుంచి 5 రెట్లు ఎక్కువగా ఉంది. ఆహారం, పొగతాగడం వంటి కారణాలు మాత్రమే ఈ తేడాను వివరించలేకపోయాయి.

సోదరులారా! కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి మన బిడ్డలెందరో గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట పనిని అక్కడి ప్రభుత్వాలు నిషేధించాయంటే ఆ ఎండ తీవ్రత ఎంతటిదో ఊహించవచ్చు. వారితో ఫోనులో మాట్లాడేటప్పుడు డబ్బు ఎప్పుడు పంపుతావని అడిగే ముందు, నీళ్ళు తాగుతున్నావా, నిద్ర పడుతోందా, నీతో ఎవరున్నారు అని అడుగుదాం. సెలవుపై వచ్చినప్పుడు విందులకన్నా ముందు వైద్య పరీక్ష చేయిద్దాం. అలాగే ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చిన కూలీ జ్వరంతో పడి ఉంటే, అతని మతం ఏదైనా సరే, అతని పాలిట మనమే అన్సార్లం కావాలి.

ఓ అల్లాహ్! పరాయి నేలపై ఉన్న మా వారికి ఆరోగ్యాన్ని, ఆత్మీయులను ప్రసాదించు. మా ఊరికి వచ్చినవారికి మమ్మల్ని ఆత్మీయులుగా మార్చు. ఆమీన్.