రెండు ఆటల రామస్వామి: మద్రాసు తెలుగువారి క్రీడాచరిత్రలో ఒక అధ్యాయం

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఒకే విద్యార్థి శరదృతువులో ఫుట్‌బాల్ జట్టుకూ, వసంతంలో బేస్‌బాల్ జట్టుకూ ఆడి రెండింటా రాణించడం చిరకాలంగా ఉన్న సంప్రదాయం. ఆ రెండు ఆటల కాలాలు వేరు కావడమే దానికి ముఖ్యాధారం. తెలుగువారిలో ఈ కోవకు చెందిన క్రీడాకారుల ప్రస్తావన వచ్చినప్పుడు ముందుగా చెప్పుకోవలసిన పేరు కోటా రామస్వామిది. ఆయన డేవిస్ కప్ టెన్నిస్‌లోనూ, టెస్ట్ క్రికెట్‌లోనూ భారతదేశానికి ప్రాతినిధ్యం వహించారు. ఇంగ్లండులో ఈ రెండూ ఒకే వేసవిలో సాగే ఆటలు గనుక, అక్కడ చదువుకునే విద్యార్థి రెండింటికీ సమానంగా కాలం కేటాయించడం అమెరికాలో కంటే కష్టమైన పని.

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో ఒక దుబాసీ కుటుంబంలో జన్మించారు. దుబాసీలంటే ఇంగ్లీషు వర్తక సంస్థలకూ దేశీయులకూ నడుమ మాటనూ బేరాన్నీ నడిపి, ఆ క్రమంలో తామూ సంపన్నులైన మధ్యవర్తులు. ఆయన తండ్రి మోదవరపు వెంకట మహీపతి నాయుడు బుచ్చిబాబు అన్న పేరుతోనే ప్రసిద్ధుడు. దక్షిణాదిలో భారతీయుల క్రికెట్‌కు పునాది వేసినది ఆయనేనని చెప్పడం అతిశయోక్తి కాదు. చేపాక్‌లోని మద్రాస్ క్రికెట్ క్లబ్ యూరోపియన్లకే పరిమితమైన రోజులలో, 1888లో ఆయన మద్రాస్ యునైటెడ్ క్లబ్‌ను నెలకొల్పి, దేశీయ యువకులకు ఆడే చోటునూ ఆటకు కావలసిన సరంజామానూ సమకూర్చారు. యూరోపియన్ల జట్టుకూ భారతీయుల జట్టుకూ మధ్య జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్ కూడా ఆయన సంకల్పమే. అయితే 1908లో తొలి పోటీకి కొద్దికాలం ముందే ఆయన కన్నుమూశారు. మాతామహుని కుటుంబానికి దత్తత వెళ్లడం వల్ల రామస్వామి ఇంటిపేరు కోటా అయింది గాని, ఆటల విషయంలో ఆయన పూర్తిగా బుచ్చిబాబు వారసుడే.

మద్రాసులోని ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన తరువాత రామస్వామి కేంబ్రిడ్జికి వెళ్లి, అక్కడ టెన్నిస్‌లో ‘బ్లూ’ సంపాదించారు. ఆక్స్‌ఫర్డుతో జరిగే వార్షిక పోటీలో విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారికి లభించే గౌరవాన్ని బ్లూ అంటారు. 1922లో, అంటే భారతదేశం డేవిస్ కప్‌లో అడుగుపెట్టిన మరుసటి ఏడాదే, ఆయన సహచర భారత ఆటగాడు ఫైజీతో జతకట్టి డబుల్స్ ఆడారు; ఆ ఏడు భారత జట్టు రుమేనియాను ఓడించి, స్పెయిన్ చేతిలో ఓడిపోయింది.

క్రికెట్‌లో పిలుపు అందడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది. 1936లో విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలో ఇంగ్లండు వెళ్లిన జట్టులో చోటు దక్కినా, లార్డ్స్‌లో జరిగిన మొదటి టెస్ట్‌లో ఈ ఎడమచేతి బ్యాట్స్‌మన్‌ను ఆడించలేదు. జూలైలో మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తొలి టెస్ట్ ఆడేనాటికి ఆయనకు నలభై ఏళ్లు నిండాయి. ఆ మ్యాచ్‌లో 40, 60 పరుగులు చేశారు. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించినది కూడా ఆ రెండో ఇన్నింగ్స్‌లోనే కావడం వల్ల, చరిత్రకారుల దృష్టి వారి మీదే నిలిచి, రామస్వామి అర్ధశతకం మరుగున పడింది. ఇది సరిదిద్దవలసిన అన్యాయం. ఓవల్‌లో జరిగిన తరువాతి టెస్ట్‌లో 29, అజేయంగా 41 పరుగులు చేశాక ఆయనకు మరో టెస్ట్ దక్కలేదు. రెండు టెస్ట్‌లలో 170 పరుగులు, సగటు 56.66. యువకునిగా ఉన్నప్పుడు భారతదేశానికి టెస్ట్ హోదాయే లేదు; అది 1932లో గాని రాలేదు. కాబట్టి ఆలస్యం ఆయన ఆటలో లేదు, కాలంలో ఉంది.

అదే జట్టులో ఉన్న మద్రాసు ఆటగాడు ఎం.జె. గోపాలన్ కథ దీనికి భిన్నమైనది. క్రికెట్, హాకీ రెండింటా దేశానికి ఆడిన గోపాలన్, 1936లో క్రికెట్ పర్యటననూ బెర్లిన్ ఒలింపిక్స్‌నూ ఏకకాలంలో ఎదుర్కొని క్రికెట్‌ను ఎన్నుకున్నారు. ఇంగ్లండులో ఒక్క టెస్ట్ కూడా ఆడలేదు, హాకీ జట్టు మాత్రం స్వర్ణ పతకంతో తిరిగివచ్చింది. రెండు ఆటలు తెలిసినవానికి ప్రతిభ కంటే కాలపట్టికే పెద్ద అవరోధమని ఈ ఉదంతం వల్ల స్పష్టమవుతుంది.

రామస్వామి తన క్రీడాజీవితాన్ని ‘ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ ఎడిక్ట్’ అన్న పుస్తకంగా రాశారు. 1985 అక్టోబరులో మద్రాసులోని ఇంటి నుంచి బయటికి వెళ్లిన ఆయన మళ్లీ కనిపించలేదు.

ఈ చరిత్ర అంతా మద్రాసు నగరానికీ, అక్కడి సంపన్న కుటుంబాలకూ పరిమితమైనదన్న సంగతిని విస్మరించరాదు. ఒంగోలు సమీపంలోని చీమకుర్తి వంటి ఊళ్లు కూడా అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే అయినా, అక్కడి రైతుబిడ్డలకు చెడుగుడు, ఎడ్ల బండలాగుడు పందేలు దగ్గరగా ఉన్నంతగా క్లబ్బు మైదానాలు దగ్గరగా లేవు. 1953లో రామస్వామి మేనేజరుగా భారత జట్టు వెస్టిండీస్‌లో పర్యటించింది. ఆ ఏడాదే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, 1953-54 రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టు తొలిసారి బరిలోకి దిగడంతో, ఆంధ్ర ప్రాంతపు క్రికెటర్లకు మద్రాసు జట్టు ఒక్కటే దారి కాకుండా పోయింది. ఆ తొలి ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించినది, అప్పటికి 58 ఏళ్ల వయసున్న సి.కె. నాయుడు.