హంతకుడెవరో తెలిశాక

కిందటి దసరా నుంచి ఈ ఎండాకాలం దాకా నేరాల నవలలు తప్ప మరోటి ముట్టుకోలేదు. కొన్ని కొత్తవి. ఎక్కువ పాతవే, ఇదివరకు చదివినవి, హంతకుడెవరో నాకు బాగా గుర్తున్నవి. తెలిసే మళ్ళీ చదివాను. డిటెక్టివ్ నవల అంటే రైలెక్కేటప్పుడు కొని, దిగేటప్పుడు సీటు మీద వదిలేసేదని మా పెద్దవాళ్ళు అనేవారు. గుట్టు తెలిశాక అందులో ఇంకేముంటుందని వాళ్ళ వాదన. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాలనిపించి, 1841 దగ్గర మొదలుపెట్టి వరసగా దిగుతూ వచ్చాను.

ఆ ఏడు అమెరికాలో ఎడ్గార్ అలన్ పో రాసిన ‘ద మర్డర్స్ ఇన్ ద ర్యూ మోర్గ్’ అచ్చయింది. నవల కాదు, కథే. లోపల గడియ వేసి ఉన్న గది, పోలీసులకు అంతుపట్టని హత్యలు, తర్కంతో చిక్కు విప్పే మేధావి, అతన్ని చూసి ఆశ్చర్యపోతూ మనకు కథ చెప్పే స్నేహితుడు. ఇన్నేళ్ళుగా డిటెక్టివ్ రచయితలు వాడుతున్న సరంజామా అంతా అందులోనే ఉంది. పో చేసిన పని చాలా పెద్దది, కాదనను. కానీ రెండోసారి చదువుతుంటే నా చేతికేమీ దొరకలేదు. చచ్చిపోయిన తల్లీకూతుళ్ళ గురించి సాక్షులు చెప్పే నాలుగు ముక్కలు తప్ప మనకేమీ తెలియదు. వాళ్ళు ఆ కథలో మనుషులు కారు, లెక్కలో అంకెలు. జవాబు తెలిసిన లెక్కని మళ్ళీ ఎవరు చేస్తారు?

విల్కీ కాలిన్స్ ‘ద మూన్‌స్టోన్’ దగ్గర మాత్రం నెల రోజులు ఆగిపోయాను. 1868లో, డికెన్స్ నడిపిన ‘ఆల్ ద ఇయర్ రౌండ్’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయిన రోజున ఒక ఇంగ్లీషు సైనికాధికారి పసుపుపచ్చని వజ్రం ఒకటి, నెత్తురు కళ్ళజూసి మరీ దోచుకుపోతాడు. చాలా ఏళ్ళ తర్వాత అది యార్క్‌షైర్‌లో ఒక అమ్మాయికి పుట్టినరోజు కానుకగా వచ్చి, ఆ రాత్రే మాయమవుతుంది. ఈ కథకి రెండు రాచవజ్రాల గాథలు కొంత ఆధారమని కాలిన్స్ ముందుమాటలో చెప్పాడు. ఒకటి రష్యా చక్రవర్తి రాజదండంలోది, రెండోది కోహినూరు. కోహినూరు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చాలామంది చరిత్రకారుల నమ్మకం. ఆ గనులున్న చోటు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలకి మొదటి మెట్టనదగ్గ పుస్తకం వెనక మన మట్టిలోంచి పోయిన రాయి ఉందని తెలిశాక దాన్ని పరాయి పుస్తకంగా చదవలేకపోయాను.

అయితే నన్ను కట్టిపడేసింది వజ్రం కాదు, రోసన్నా స్పియర్‌మన్. ఒకప్పుడు దొంగ, జైలు చూసి వచ్చి, ఆ ఇంట్లో పనిమనిషిగా కుదురుకున్న పిల్ల. గూని, అందం లేదు. ఇంటికొచ్చిన పెద్దింటి కుర్రాడిని ప్రేమిస్తుంది. అతను ఆమెని కన్నెత్తి కూడా చూడడు. మొదటిసారి చదివినప్పుడు ఆమె మీద అనుమానపడ్డాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను. అసలు సంగతి తెలిశాక చదివితే ఆమె వేసే ప్రతి అడుగుకీ అర్థం మారిపోతుంది. దాచిన ప్రతి వస్తువూ, మింగేసిన ప్రతి మాటా గుండెలో గుచ్చుకుంటాయి. సముద్రపు ఒడ్డున మనుషుల్ని లోపలికి లాగేసే ఆ ఊబి ఇసకని తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. గులాబీ తోటలంటే పడిచచ్చే సార్జెంట్ కఫ్ అంత పేరున్న డిటెక్టివై ఉండీ తప్పు దారి పట్టడం కూడా నాకు నచ్చింది. ఆ రోజుల్లో నిజంగా పనిచేసిన జోనథన్ విచర్ అనే డిటెక్టివ్ ఛాయలు కఫ్‌లో ఉన్నాయంటారు. వజ్రాన్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటి వచ్చే ముగ్గురు బ్రాహ్మణులకి కాలిన్స్ ఇచ్చిన మర్యాద, ఆ కాలపు ఇంగ్లీషు రచయిత నుంచి నేను ఎదురుచూడనిది.

ఆ మర్యాద ఇరవై రెండేళ్ళ తర్వాత కోనన్ డాయిల్ దగ్గర కనిపించలేదు. 1890లో వచ్చిన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లోనూ మన దేశపు నిధే కథకి మూలం. ఆ పెట్టెలో ‘గ్రేట్ మొఘల్’ వజ్రం కూడా ఉందంటాడు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసినదాన్నిబట్టి అదీ కొల్లూరు రాయే. కానీ టోంగా అనే అండమాన్ మనిషిని డాయిల్ చిత్రించిన తీరు, ఆ జాతినంతటినీ నరమాంసం తినేవాళ్ళుగా చెప్పడం, చదవడానికే కష్టమనిపించింది. అది అబద్ధం, అన్యాయం. ఆ నవల మళ్ళీ తీయను. హోమ్స్ చిన్న కథలు మాత్రం ఎన్నిసార్లైనా చదువుతాను. యాభై ఆరు కథల్లో సగానికి పైగా ముగింపులు నాకు కంఠతా వచ్చు. ఆ గదిలో చలిమంట, కిటికీ బయట మంచు, ఇద్దరు స్నేహితుల మాటలు చాలు నాకు. 1893లో హోమ్స్‌ని జలపాతంలోకి తోసేసిన రచయిత, పాఠకుల పోరు పడలేక పదేళ్ళకి అతన్ని మళ్ళీ బతికించాల్సి వచ్చింది. ఆ పాఠకులు అడిగింది కొత్త చిక్కుముళ్ళని కాదు, ఆ స్నేహాన్నే అని నా నమ్మకం.

అగాథా క్రిస్టీ గురించి నా అభిప్రాయం ఈసారి మారింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రిలో మందులిచ్చే చోట పనిచేసి విషాల సంగతులు నేర్చుకున్న మనిషి ఆమె. ఆ చదువు 1920లో వచ్చిన మొదటి నవలలోనే పనికొచ్చింది. ఆమె మనుషులు అట్టబొమ్మలని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. 1926 నాటి ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ రెండోసారి చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదవనివాళ్ళ కోసం గుట్టు విప్పను. విప్పకుండా చెప్పగలిగింది ఇంతే: తెలిసి చదివితే అందులో ప్రతి వాక్యానికీ రెండో అర్థం ఉంది, ఒక్కటీ అబద్ధం కాదు. మొదటి చదువు కంటే రెండో చదువు గొప్పగా ఉండే డిటెక్టివ్ నవల ఉందా అని ఎవరైనా అడిగితే ఈ పుస్తకమే చేతిలో పెడతాను. ‘ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ మాత్రం ఈసారి చప్పగానే అనిపించింది.

అదే కాలంలో అమెరికాలో డిటెక్టివ్ నవల పెద్దింటి గ్రంథాలయాల్లోంచి వీధిలోకి వచ్చింది. డాషియెల్ హామెట్ స్వయంగా పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో పనిచేసినవాడు. రేమండ్ చాండ్లర్ చమురు కంపెనీ ఉద్యోగం పోయాక రాయడం మొదలుపెట్టాడు. చాండ్లర్ ‘ద బిగ్ స్లీప్’ 1939లో వచ్చింది. దాన్ని సినిమాగా తీసేటప్పుడు, కారు డ్రైవర్‌ని చంపిందెవరని అడిగితే తనకీ తెలియదన్నాడట రచయిత. నా ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు మరెక్కడా దొరకలేదు. హంతకుడెవరో రాసినవాడికే తెలియని పుస్తకం ఇన్ని దశాబ్దాలుగా బతికే ఉంది. లాస్ ఏంజెలెస్ వానా, డబ్బు కుళ్ళూ, ఒంటరి మనిషి పౌరుషమూ దాన్ని బతికించాయి. ఫ్రెంచిలో సిమెనాన్ రాసిన డెబ్భై అయిదు మెగ్రే నవలల్లో నేను చదివింది పదే. మెగ్రే నేరస్థుడిని పట్టుకోవడం కంటే అర్థం చేసుకోవడానికే ఎక్కువ తాపత్రయపడతాడు. మిగతావీ చదవాలి.

మన సంగతికి వస్తే, తెలుగువాళ్ళకి అపరాధ పరిశోధన నవల మొదట బెంగాలీ మీదుగా వచ్చింది. పాంచ్‌కడీ దే నవలలు తెలుగులోకి దిగాయి. ఆ బెంగాలీలోనే 1932లో శరదిందు బందోపాధ్యాయ వ్యోమకేశ్‌ని పుట్టించాడు. డిటెక్టివ్ అన్న మాటే అతనికి గిట్టదు, సత్యాన్వేషి అనమంటాడు. ఒక కేసులో కలిసిన సత్యవతిని పెళ్ళాడి సంసారం చేసుకుంటాడు. ఆ కథల్లో కలకత్తా మెస్సుల వాసన ఉంది. మనకి అలాంటిది ఎందుకు రాలేదా అని ఎప్పుడూ బాధపడేవాణ్ణి. ఈసారి ఆ బాధ కొంత తగ్గింది.

తగ్గించింది కొమ్మూరి సాంబశివరావు. క్రిస్టీ ‘ఆక్రాయిడ్’ వచ్చిన 1926లోనే ఆయన పుట్టారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా తరానికి బంధువుల్లాంటివాళ్ళు. మా ఊరి బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపుండేది. రోజుకి పది పైసలు. ‘చావుకేక’, ‘ప్రాక్టికల్ జోకర్’ అక్కడే చదివాను. పుస్తకాలు చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయేవి, దారంతో కుట్టి మళ్ళీ ఇచ్చేవారు. ఒకసారి అట్టా లేక, ఆఖరి పేజీలూ లేక ఒక యుగంధర్ నవల నా చేతికొచ్చింది. పేరు తెలియలేదు, హంతకుడెవరో తెలియలేదు. అయినా అందులో రాజు వర్షంలో ఒక ఇంటి ఎదురుగా తెల్లవార్లూ కాపలా కాసిన రాత్రి నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ముగింపు చదవని పుస్తకం అంతకాలం గుర్తుండిపోవడమే నన్నీ ప్రశ్నలోకి లాగిందేమో.

ఈమధ్య పాత ప్రతులు ఐదారు సంపాదించి కొమ్మూరిని మళ్ళీ చదివాను. ఆయన తెలుగు ఎంత చురుకైనదో అప్పుడు తెలియలేదు. చిన్న వాక్యం, పొట్టి సంభాషణ, ఒక్క విశేషణం వృథా కాదు. మద్రాసు వీధుల్ని నేను మొదట చూసింది ఆ వాక్యాల్లోనే. గ్రాంథికం వాసన తగలని పరుగుల తెలుగు వచనాన్ని లక్షల ఇళ్ళకి చేర్చినవాళ్ళలో ఆయన్ని లెక్కించాలి. సాహిత్య చరిత్రలు ఆయనకి ఇచ్చిన చోటు చాలదు. లోపమూ చెప్పాలి. ఆ నవలల్లో చచ్చిపోయేవాళ్ళు ఎక్కువమంది నాకు తెలిసిన మనుషుల్లా లేరు. పొలం గట్టు తగాదాలో పోయిన ప్రాణం, కట్నం కోసం కాలిపోయిన కోడలు, లాకప్పులో మిగిలిపోయిన కూలివాడు యుగంధర్ గుమ్మం తొక్కలేదు.

మధుబాబు షాడోని పదహారేళ్ళప్పుడు ఊపిరి బిగబట్టి చదివాను, ఇప్పుడు చదవలేకపోయాను. ఆ వయసు పిల్లలకి పుస్తకం పట్టే అలవాటు చేసినందుకు మాత్రం ఆయనకి రుణపడి ఉన్నాం. యండమూరి ‘అభిలాష’ నిలబడింది. ఉరిశిక్ష రద్దు కావాలని తపించే యువ లాయరు, నిర్దోషికి కూడా ఉరి పడుతుందని రుజువు చేయడానికి తనే హత్య కేసులో ఇరుక్కుంటాడు. 1983లో సినిమాగా వచ్చి అందరికీ తెలిసిన కథ. హత్య ఎవరు చేశారన్న ప్రశ్నని పక్కకి నెట్టి, చట్టానికి మనిషి ప్రాణం తీసే హక్కుందా అని అడిగింది. కథనంలో నాటకీయత ఎక్కువైన చోట్లున్నా, ఆ ప్రశ్న వేసినందుకు ఆ నవలంటే నాకు గౌరవం.

ఇక్కడే ఇంకో పేరు తలుచుకోవాలి, డిటెక్టివ్ అలమరలో ఎవరూ పెట్టని పేరు. విశాఖపట్నం కోర్టులో వకీలుగా నల్లకోటు వేసుకున్న రావిశాస్త్రి. ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధపు కేసులు, డబ్బుకి చెప్పే సాక్ష్యాలు, పోలీసులు, ప్లీడర్లు, వాళ్ళ మధ్య నలిగే పేదవాళ్ళు ఉన్నారు. తెలుగునేల మీద నేరం ఎలా పుడుతుందో, ఎవరి నెత్తిన పడుతుందో ఆయనంత బాగా రాసినవాళ్ళు లేరు. కొమ్మూరి వేగం, రావిశాస్త్రి కడుపుమంట ఒక పుస్తకంలో కలిసి ఉంటే మనకి గొప్ప నేర నవల ఉండేది. ఆ రెండు అలమరల మధ్య మనవాళ్ళు గోడ కట్టుకున్నారు.

జపాన్‌వాళ్ళు ఆ గోడ కట్టుకోలేదు. సెయిచో మత్సుమోతో ‘పాయింట్స్ అండ్ లైన్స్’ 1958లో పుస్తకంగా వచ్చింది. సముద్రపు ఒడ్డున రెండు శవాలు, ప్రేమికుల ఆత్మహత్య అనిపిస్తుంది. టోక్యో స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం మీంచి ఇంకో ప్లాట్‌ఫారం రైళ్ళ అడ్డు లేకుండా కనిపించేది రోజంతటిలో నాలుగే నిమిషాలు. కథంతా ఆ నాలుగు నిమిషాల మీద నిలబడింది. రైల్వే టైంటేబుల్ చదువుతున్నట్టు మొదలై, ప్రభుత్వ కార్యాలయపు లంచగొండితనం దాకా తవ్వుకుంటూ పోతుంది. కెయిగో హిగషినో ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ 2005 నాటిది, ఈ చదువులో చివరిది. అందులో హత్య మొదటి అధ్యాయంలోనే మన కళ్ళెదుట జరిగిపోతుంది. పీడించే మాజీ భర్త చేతుల్లోంచి బయటపడలేక ఒక తల్లీ కూతురూ చేసిన పని అది. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు, ఎవరి దృష్టిలోనూ పడని మనిషి, వాళ్ళని కాపాడటానికి పూనుకుంటాడు. పో దగ్గర మనుషులు లెక్కలో అంకెలైతే, ఇక్కడ లెక్కల మనిషే లెక్క తప్పి ప్రేమించాడు. చివరి పేజీ రెండోసారి కూడా ఏడిపించింది. ఇన్ని నెలల్లో చదివినవాటిలో నా ఓటు దీనికి, ‘మూన్‌స్టోన్’కి.

ఇంత చదివాక నన్ను కలవరపెట్టింది ఒకటే. 1868 నాటి ఇంగ్లీషు నవల నాకు ఒక్క రోజులో దొరికింది. యాభై అరవై ఏళ్ళ కిందటి తెలుగు పాకెట్ పుస్తకాల కోసం ఆరు నెలలు తిరిగాను. న్యూస్‌ప్రింట్ కాగితం పట్టుకుంటే పొడి అవుతోంది. మీ అటక మీద, తాతగారి ట్రంకు పెట్టెలో, పాత డిటెక్టివ్ నవలలుంటే తూకానికి అమ్మకండి. ఊరి గ్రంథాలయానికివ్వండి, లేదా 1918 నుంచీ తెలుగు పుస్తకాన్ని కాపాడుతున్న వేటపాలెం సారస్వత నికేతనానికివ్వండి. వాటిలో రాజు వానలో తెల్లవార్లూ నిలబడిన నవల ఏదైనా కనిపిస్తే దాని పేరు నాకు చెప్పండి.